ఎవరి ఎంగిలి

ఫిబ్రవరి 9

వదినా,

ఈ ఉత్తరం నీ క్లినిక్ అడ్రసుకే రాస్తున్నాను. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్ పెట్టి గుమ్మంలో కూర్చుంటాడు, నా కష్టసుఖాలు వీధి చివరిదాకా వినపడతాయి. నువ్వు చీటీలు రాసే బల్ల దగ్గర, రోగులు పల్చబడ్డాక తీరిగ్గా చదువుకో.

బాగానే ఉన్నాను అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఒళ్లు మాత్రం నా మాట వినడం లేదు. లాండ్రీలో నాది దుప్పట్లు ఇస్త్రీ చేసే మిషను. గది పొడుగునా వేడి రోలరు ఉంటుంది. ఉతికిన దుప్పటికి ఈ కొస నేను, ఆ కొస ఇంకో మనిషి పట్టుకుని, అంచు సరిచేసి, ఇద్దరం ఒక్కసారే లోపలికి అందించాలి. ఒకరు తొందరపడితే దుప్పటి వంకరపోయి ముడతలతో బయటికొస్తుంది. హోటళ్లవి, ఆస్పత్రులవి, పొద్దస్తమానం దుప్పట్లే. ఈ ఊళ్లో మాకు తప్ప అందరికీ నిద్రే పని అనిపిస్తుంది.

ఆ కొస పట్టుకునే ఆవిడ ఈ దేశం మనిషే. అరవై దాటుంటాయి. నేను జోడీ అని పిలుస్తాను, అర్థం తెలియకపోయినా పలుకుతుంది. నా వచ్చీరాని భాషతోనే ఆవిడకి మీ దగ్గర వదిలొచ్చిన నా పాప సంగతి చెప్పుకున్నాను. తన ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉందట, పిల్లని తెచ్చుకుని అక్కడ ఉండమంది. ఇప్పుడు నేనుంటున్న గదిలో నలుగురం ఆడవాళ్లం, పిల్లని రానివ్వరు. ఆ మేడ గది దొరికితేనే పాప నా దగ్గరికి వచ్చేది. అందుకే బడికి సెలవులివ్వగానే పంపమని నీ ప్రాణం తీస్తున్నాను.

అసలు సంగతి ఇది. నిన్న రాత్రి మా మేస్త్రి అందర్నీ హోటలుకి తీసుకెళ్లాడు. బల్ల మధ్య పెద్ద పెద్ద పళ్లేలు పెట్టారు. ఏది ఎలా తినాలో, ఏ చెంచా దేనికో తెలియక నేను మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాను. అందరూ తిన్నాక చూడాలి వదినా! ఒక్కొక్కరూ అట్టడబ్బా అడిగి తెప్పించుకుని మిగిలినవన్నీ ఎత్తుకోవడమే. మేస్త్రి భార్య, చేతినిండా గాజులేసుకున్న మనిషి, తను కొరికిన రొట్టెముక్కని కూడా డబ్బాలో పెట్టుకుంది. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి నా ముందు కూడా ఒక డబ్బా ఉంది. జోడీ సర్ది పెట్టిందట. ఎవరి పళ్లెంలోంచి ఎత్తిందో!

ఏమీ అనలేక డబ్బాని కుర్చీ కింద వదిలేసి బయటికొచ్చాను. వడ్డించే అబ్బాయి దాన్ని పట్టుకుని రోడ్డంతా నా వెనక పరిగెత్తుకొచ్చాడు. అందరూ నవ్వారు. తల తీసేసినట్టయింది. మలుపు తిరగ్గానే చెత్తకుండీలో పడేశాను. వెనక్కి తిరిగితే జోడీ నిలబడి చూస్తోంది. బస్టాపుకి ఆవిడదీ అదే దారి.

పాపకి ముద్దులు. అన్నయ్యకి ఇదంతా చెప్పకు.

నీ ఆడపడుచు,
చిట్టి


ఫిబ్రవరి 24

చిట్టీ,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో! దగ్గుమందుకి వచ్చిన ముసలాయన నాకే ఏదో జబ్బు చేసిందనుకున్నాడు. వడ్డించే అబ్బాయి నీ వెనక పరిగెత్తడం కళ్లకు కట్టింది.

మంచి పని చేశావు. గతిలేని వాళ్లమా ఏమిటి, ఎవడో తిని వదిలేసింది ఇంటికి మోసుకుపోవడానికి? చేతికి గాజులుంటే సరిపోయిందా, ఎంగిలీ మంగలం తెలియక్కర్లేదూ? మీ అమ్మ బతికుంటే ఆ హోటలు వైపు తిరిగి స్నానం చేసేది.

అన్నయ్యకి చెప్పకు అన్నావు. నేను నవ్వుతుంటే ఎందుకని అడిగారు, చెప్పేశాను. ఆయన నవ్వలేదు. "దానికే ఎందుకు పెట్టారు డబ్బా? మా చెల్లెలు అంత తిండికి మొహం వాచినట్టు కనపడుతోందా వాళ్లకి?" అని మోటార్ల షాపుకి వెళ్లి సాయంత్రం దాకా రాలేదు. ఆ మాట నాకూ నచ్చలేదనుకో. జోడీ అంటూ మరీ రాసుకుపూసుకు తిరక్కు. దయ చూపించేవాళ్లు ఒక రోజు అలుసు చేస్తారు.

పాప మూడో ఎక్కం నుంచి ఏడో ఎక్కంలోకి దూకింది, మధ్యలోవి ఇష్టం లేదట. నా చీర కొంగు పట్టుకోనిదే ఇప్పటికీ నిద్రపోదు. ప్రయాణం కాగితాల మీద మీ అన్నయ్య ఆఫీసుకెళ్లి గార్డియన్‌గా సంతకం చేయాలి. ఈ వారం వెళ్తానన్నారు.

ఒళ్లు జాగ్రత్త. నడుముకి వేడినీళ్లు పోసుకో.

వదిన


మార్చి 12

వదినా,

నువ్వు నవ్వావు. నేను ఈ నెలంతా నవ్వలేదు.

హోటలుకెళ్లిన మర్నాటి నుంచి జోడీ నాతో మాట్లాడటం మానేసింది. దుప్పటి అందించేముందు ఇదివరకులా తల ఊపదు. ఆవిడ తల ఊపకపోతే ఎప్పుడు అందించాలో నాకు తెలియదు. దుప్పట్లన్నీ వంకర. మేస్త్రి మా ఇద్దర్నీ పిలిచి కేకలేశాడు. మేడ గది మాట మళ్లీ ఎత్తలేదు, అడిగే మొహం నాకూ లేదు.

చివరికి తువ్వాళ్లు మడతపెట్టే అమ్మాయి పక్కకి తీసుకెళ్లి చెప్పింది. ఇక్కడ బల్ల మధ్యన పెట్టే పళ్లెంలో తినే చెంచా ముంచకూడదట. దానికి వేరే గరిటె ఉంటుంది. కాబట్టి పళ్లెంలో మిగిలింది ఎంగిలి కాదు. అది వదిలేసి లేచిపోతే పెట్టినవాడి భోజనం మనకి ఆనలేదని అర్థం. సొంత పళ్లెంలో మిగిలింది ఎవరిది వాళ్లే తీసుకెళ్తారు, ఇంకొకరికి పెట్టరు. అందరికంటే పెద్దవాళ్లు చెంచా కింద పెట్టేదాకా డబ్బా అడక్కూడదు. ఒకసారి వద్దనొచ్చు, అది మర్యాద. రెండోసారి ఇస్తే తీసుకోవాలి. అప్పుడూ వద్దంటే, నీ తిండి మా గుమ్మం తొక్కడానికి వీల్లేదు అన్నట్టట.

ఇంకో సంగతి చెప్పింది. నేను ఏమీ తినలేదని చూసి, జోడీ నాకోసమని విడిగా ఒక పళ్లెం తెప్పించిందట. దానిమీద ఎవరి చెయ్యీ పడలేదు. అదంతా డబ్బాలో సర్దిపెట్టింది. నేను చెత్తకుండీలో వేసింది అది.

నాకు తిండి సయించలేదు. మర్నాడు మిషను ఆగినప్పుడు వెళ్లి ఆవిడ చేతులు పట్టుకున్నాను. నా దగ్గరున్న మాటలన్నీ కలిపినా క్షమాపణ అవలేదు. మా ఇంట్లో ఒకరు ముట్టింది ఇంకొకరు తినరని చెప్పడానికి నేను పడిన అవస్థ, చేసిన సైగలు చూసి మడతల అమ్మాయి గోడకి ఆనుకుని నవ్వింది. జోడీ మాత్రం నవ్వలేదు. అంతా విని, "మరి నీకు ఆకలి లేదా?" అంది. అంతే. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు వారానికొకసారి ఇద్దరం పని దిగి అదే హోటలుకి వెళ్తున్నాం. మిగిలింది డబ్బాలో పెట్టించుకుని వస్తాను. ఆ రోజూ మర్నాడూ పొయ్యి వెలిగించే పని ఉండదు. నిలబడి నిలబడి వచ్చినదానికి అది ఎంత సుఖమో నీకు చెప్పలేను. నిన్న కూడా వంట లేదు, డబ్బాయే తిన్నాను. మేడ గదికి సున్నం వేయిస్తోంది జోడీ.

కాగితాలు అయ్యాయా?

చిట్టి


మార్చి 29

చిట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు.

గరిటెలూ చెంచాలూ నాకు తెలియవు. నాకు అర్థమైందల్లా ఒకటే. నువ్వు పొయ్యి వెలిగించకుండా, హోటల్లో మిగిలినవి తెచ్చుకుని చల్లారిపోయినవి తింటున్నావు. అదీ ఒక రోజు కాదు. పైగా అది సుఖమని రాశావు. అంత కష్టంగా ఉంటే ముందే చెప్పొచ్చుగా? అన్నీ దాచిపెట్టుకుని అక్కడ ఎంగిలి కూటికి అలవాటు పడ్డావా?

మీ అన్నయ్యకి చెప్పకుండా ఉండలేకపోయాను. వీధిలో వాళ్లు వినేలా అరిచారు. "నా చెల్లెలికి ఆ ఖర్మేమిటి? ఇప్పుడు దాని పిల్లని కూడా పంపి, ఇద్దర్నీ ఆ డబ్బాల మీద బతకమంటావా?" అన్నారు. సంతకానికి వెళ్లలేదు. వెళ్లనన్నారు.

నాకూ ఆయన చెప్పింది సబబుగానే ఉంది. ఇక్కడ దానికి వేడన్నం ఉంది, బడి ఉంది, పక్కన మేమున్నాం. నువ్వు కాస్త నిలదొక్కుకున్నాక చూద్దాం. ఈ సెలవులకి వద్దు.

పాప అరుపులన్నీ విన్నది. పడుకునే ముందు అడిగింది, "అత్తా, అమ్మ ఎవరి ఎంగిలి తింటోంది?" అని. దుప్పటి కప్పి పడుకోమన్నాను.

వదిన


ఏప్రిల్ 13

వదినా,

ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

ఎవరి ఎంగిలీ తినడం లేదు. పళ్లెంలో మిగిలింది తింటున్నాను. ఆ పళ్లెం మీద నేనూ జోడీ తప్ప ఇంకో మనిషి ఊపిరి కూడా పడదు. ఇంతకంటే విడమరిచి ఎలా రాయాలో నాకు తెలియదు. పిల్ల అడిగితే దుప్పటి కప్పి పడుకోమన్నావే, లేదు అమ్మా, మీ అమ్మ బాగానే తింటోంది అని ఒక్క ముక్క చెప్పలేకపోయావా?

ఆదివారం ఫోన్ చేశాను. అన్నయ్య ఎత్తాడు. "బాగున్నావా, వానలు పడుతున్నాయా" అన్నాడు. మాటాడిన ప్రతిసారీ "అన్నం తిన్నావా" అని అడిగే మనిషి, ఆ రోజు అడగలేదు. పాపని పిలవమంటే ఆడుకోవడానికి వెళ్లిందన్నాడు. వెనక నుంచి దాని గొంతు వినపడుతూనే ఉంది.

జోడీ కిటికీకి తెర కుట్టింది. పిల్ల ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోంది. కాగితాలు ఆలస్యమవుతున్నాయని చెప్తున్నాను. మా వాళ్లకి నా మీద నమ్మకం పోయిందని ఏ భాషలో చెప్పను? గది కోసం ఇంకెవరో వచ్చి వెళ్లారట. సెలవుల దాకా నాకోసం ఆపుతానంది, ఆపైన ఆవిడ మాత్రం ఎన్నాళ్లని ఆపుతుంది?

నువ్వైనా అన్నయ్యకి సర్దిచెప్పు వదినా. నీ మాట వింటాడు.

చిట్టి


ఏప్రిల్ 28

చిట్టీ,

సర్దిచెప్పమన్నావు. ముందు ఇక్కడేం జరుగుతోందో విను.

నాలుగు రోజులుగా బట్టల బీరువా దగ్గర చీమలు. మందు చల్లినా పోవు. నిన్న అన్నీ కిందకి దించితే పాప లంగాల వెనక దాని టిఫిను డబ్బా దొరికింది. లోపల రొట్టెముక్కలు, అన్నం, సగం అరటిపండు, బూజు పట్టిపోయి ఉన్నాయి. ఇదేమిటే అంటే, "అమ్మకి. ఇది నేను ముట్టకుండా తీసిపెట్టింది. ఎంగిలి కాదు" అంది.

కొట్టడానికి చెయ్యెత్తి దించేశాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్లి నేనే ఏడ్చాను. పిల్ల అర్ధాకలితో బడికెళ్తోందని ఇన్నాళ్లూ కనిపెట్టలేకపోయాను.

ఆ డబ్బాల రాతలు నువ్వు రాయకుండా ఉంటే ఇంత జరిగేదా? ప్రేమగా పెట్టిన తిండి చెత్తలో వేశావు, ఇప్పుడు మిగులూ తగులూ మోసుకొస్తున్నావు. నీకే ఒక నిలకడ లేదు, పిల్లని ఏం చూస్తావు? ఆ వచ్చినవాళ్లకే గది ఇచ్చేయమని మీ జోడీకి చెప్పు. పిల్లకి ఇక్కడ ఏ లోటూ లేదు.

వదిన


మే 14

వదినా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మొదట చాలా మాటలు కూర్చుకున్నాను, పనిలో దుప్పటి వెనక దుప్పటి అందిస్తూ మనసులోనే నీతో పోట్లాడాను. ఇప్పుడు కాగితం ముందు కూర్చుంటే ఒక్కటీ రాయాలని లేదు. అలిసిపోయాను.

డబ్బా సంగతి వదిలేద్దాం. నీ బాధ డబ్బా కాదు. నేను మూడు పూటలా వండుకు తింటున్నానని రాసినా, నీకు ఇంకేదో కారణం దొరికేది. పాప లేకపోతే ఆ ఇంట్లో నీకు పొద్దు ఎలా గడుస్తుందో నాకు తెలియదనుకున్నావా? దాని తండ్రి ఊసు మనం ఎత్తం, ఎత్తొద్దు కూడా. అప్పుడు నా చేతుల్లోంచి అందుకుని ఒళ్లో వేసుకున్నది నువ్వు. నేను ఇక్కడికి వచ్చేస్తుంటే అది ఏడ్చింది నీ భుజం మీద. అది నీ కొంగు పట్టుకుని పడుకుంటుందని నువ్వు రాసినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది, ఆ వెంటనే నీకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. రెండూ నిజమే.

నీతో పోట్లాడి దాన్ని లాక్కునే ఓపిక నాకు లేదు. పంపలేకపోతే పంపకు. ఈ నెలాఖరుకి గది వేరేవాళ్లకి ఇచ్చేయమని జోడీకి చెప్తాను. చెప్పడానికి కూడా ఓపిక కూడగట్టుకోవాలి, తెర కుట్టిన మనిషి కదా.

ఒక్కటే అడుగుతున్నాను. పిల్లని కడుపునిండా తినమను. నాకోసం ఏమీ దాచొద్దను. వాళ్లమ్మ ఎవరి ఎంగిలీ తినడం లేదని నీ నోటితో నువ్వు చెప్పు. నేను చెప్తే నమ్మదు. నువ్వు చెప్తే నమ్ముతుంది.

చిట్టి


జూన్ 1

చిట్టీ,

గది ఎవరికీ ఇవ్వొద్దని నిన్న అన్నయ్య ఫోన్‌లో చెప్పారు కదా, ఈపాటికి జోడీకి చెప్పే ఉంటావు. ఫోన్‌లో ఆయన మాట్లాడుతుంటే పక్కన నిలబడి విన్నాను. మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం బల్ల సొరుగులో పెట్టుకుని మూడు రోజులు చీటీలు తప్పులు రాశాను. పంటినొప్పి ఆయన్ని పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను. ఎవరితోనైనా పోట్లాడదామంటే నువ్వు పోట్లాడవు. పంపకు అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను.

మీ అన్నయ్యని నేనే లాక్కెళ్లి సంతకం చేయించాను. ముగ్గురం వెళ్లాం. ఆఫీసు నుంచి వస్తూ హోటలుకి తీసుకెళ్లమన్నాను. పాపకి నేను చెప్తే నమ్ముతుందన్నావు గానీ, చూపిస్తే మేలనిపించింది. మధ్యన ఒక పళ్లెం పెట్టించి, గరిటె వేరేగా అడిగి తెప్పించాను. "ఈ గరిటెకి ఎవరి నోరూ తగల్లేదు, చూడు. మీ అమ్మ ఇంటికి తెచ్చుకునేది ఇలా మిగిలిందే" అన్నాను. అది తల వంచి గరిటెని పరీక్షగా చూసింది. అప్పుడు కడుపునిండా తిన్నది. నేను మొహమాటపడుతుంటే, తనే వడ్డించే మనిషిని పిలిచి, "మిగిలింది కట్టివ్వండి" అని గట్టిగా చెప్పింది. మీ అన్నయ్య మాకూ ఆయనకీ సంబంధం లేనట్టు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు.

పొద్దున లేచేసరికి ఆ డబ్బా ఖాళీ. నేను తినలేదు, పాప తినలేదు. ఆయన మాత్రం షాపుకి ఇంకా వేళ కాలేదన్నా వినకుండా మూతి తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

జోడీకి నా నమస్కారం చెప్పు. దయ చూపించేవాళ్లు అలుసు చేస్తారని రాశాను, అది ఆవిడకి చెప్పకు.

పాప పదిహేనో తారీఖున బయల్దేరుతుంది. తలకి వారానికి రెండుసార్లు నూనె పెట్టాలి. పిడుగు పడితే భయపడదు గానీ కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడుతుంది. కొంగు కోసం వెతుకుతుంది, నీది ఇవ్వు. మొదట్లో వద్దంటుందేమో, పర్వాలేదు, ఇంకోసారి ఇవ్వు.

ఇంకొకటి. అది ఎంత ఆకలి మీదున్నా కంచంలో చివరి రెండు ముద్దలు వదిలేసి లేస్తుంది. తిట్టినా బతిమాలినా అంతే. ఇన్నేళ్లూ అవి నేనే తిన్నాను. రోజూ, దాని కంచంలోనే, దాని చేత్తో కలిపిన అన్నమే. అది ఎంగిలని నాకు ఒక్కనాడూ తట్టలేదు. ఇవాళ మధ్యాహ్నం తింటుంటే తట్టింది.

వాటిని డబ్బాలో పెట్టకు. ఇక నుంచి నువ్వు తిను.

మీ వదిన